డిసెంబరులో లంబసింగి, వంజంగి వైపు టెంట్‌లో ఒక రాత్రి: మొదటిసారి వెళ్లేవారికి సలహాలు కావాలి

కొత్త బాటసారి (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు మూడో వారంలో మా రెండు కుటుంబాలు కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి, వీలైతే పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండకు వెళ్లాలనుకుంటున్నాము. మాతో పదేళ్ల పాప కూడా ఉంటుంది. హోటల్ గదిలో కాకుండా ఒక రాత్రి ఆరుబయట టెంట్‌లో గడపాలన్నది పిల్లల కోరిక, నిజానికి మా పెద్దవాళ్ల కోరిక కూడా. మాలో ఎవరికీ టెంట్‌లో పడుకున్న అనుభవం లేదు. అక్కడి చలి ఎంత ఉంటుంది, టెంట్ ఎక్కడ వేసుకోవచ్చు, చలిమంట వేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి, తాగునీరు దొరుకుతుందా, రాత్రివేళ పాములు, జంతువుల భయం ఉంటుందా అన్న విషయాలు తెలిసినవారు చెప్పగలరు. వీడియోల్లో అందరూ టెంట్ ముందు మంట వేసుకుని పాటలు పెట్టుకుని కనిపిస్తున్నారు గానీ, ఆ రాత్రి గడవడానికి వాళ్లు ఏమేమి ఏర్పాట్లు చేసుకున్నారో ఒక్కరూ చెప్పడం లేదు.

తూర్పుకనుమల నడక (విశాఖపట్నం)

మంచి ప్రశ్న అడిగారు. బయలుదేరే ముందు అడిగినందుకు ఇంకా సంతోషం.

ముందుగా చలి సంగతి. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. సాధారణంగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. దానికి తోడు, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రులలో నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. అలా చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంబడి దిగి, పల్లపు ప్రాంతాలలో నిలిచిపోతుంది. లంబసింగి, చింతపల్లి పరిసరాలలో కొన్ని ఏళ్లు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దగ్గరగా పడిపోవడానికి ఇదే కారణం. కాబట్టి టెంట్‌ను లోయ అడుగున గాని, గెడ్డ (వాగు) పక్కన గాని వేయకండి. కోత కోసిన వరి మడి చదునుగా, చూడడానికి అనువుగా కనిపిస్తుంది. కానీ చలీ, మంచూ పేరుకునేది అక్కడే. మడికి కొంచెం ఎగువన, గాలి నేరుగా తగలని మెరక మీద వేసుకుంటే అదే రాత్రి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కొత్తవాళ్లు దుప్పట్లన్నీ పైన కప్పుకోవడానికే దాచుకుంటారు. అసలు చలి కింది నుంచి వస్తుంది. శరీర బరువుకు స్లీపింగ్ బ్యాగ్ అడుగుభాగం నలిగిపోయి, అందులో గాలి నిలవక, నేల మన వేడిని తీసుకుంటూనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక ఫోమ్ మ్యాట్ తప్పనిసరి. అది దొరకకపోతే కింద టార్పాలిన్ పరచి, దాని మీద చాప, చాప మీద మందపాటి బొంత వేయండి. గొంగడి ఉంటే దానిని మించినది లేదు, ఎందుకంటే ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. నూలు బట్ట అలా కాదు. పగలు నడిచి చెమట పట్టిన బనియన్‌తోనే పడుకుంటే అర్ధరాత్రికి వణుకు మొదలవుతుంది. పడుకునే ముందు లోపలి బట్టలు, మేజోళ్లు మార్చుకోవాలి. పాపకు తలకు, చెవులకు ఉన్ని టోపీ పెట్టండి.

టెంట్‌ను గాలి చొరకుండా బిగించాలని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే లోపల మన ఊపిరిలోని తేమ బట్టకు పట్టి, తెల్లవారుజామున చుక్కలుగా పడి దుప్పట్లను తడుపుతుంది. పైన ఉన్న జాలీ కిటికీలను కొంచెం తెరిచి ఉంచాలి. మొదటిసారి టెంట్‌ను కొండ మీద చీకట్లో విప్పకండి. ఇంటి మేడ మీద ఒకసారి వేసి, తీసి చూసుకోండి. మేకులు ఎన్ని, తాడు ఎక్కడ కట్టాలి, జిప్పు సరిగా పడుతోందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

నా దృష్టిలో ఈ ప్రయాణంలో పెద్ద ప్రమాదం టెంట్‌లో లేదు, రోడ్డు మీద ఉంది. సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి నిద్రలేని డ్రైవర్లు దట్టమైన పొగమంచులో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటారు. మీరు నర్సీపట్నం నుంచి పగటివేళే ఎక్కి, సాయంత్రం నాలుగు గంటల లోపు బస చేసే చోటికి చేరుకోండి. మంచులో హెడ్‌లైట్లను హై బీమ్‌లో పెడితే కాంతి తిరిగి మన కళ్లలోనే పడుతుంది, లో బీమ్‌లోనే నడపాలి.

మన్యం వైద్యురాలు

పై సభ్యులు చెప్పినవన్నీ పాటించదగినవి. నేను ఏజెన్సీలో పనిచేసిన వైద్యురాలిని. నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచిన ఒక్క మాటను ముందు చెబుతాను. ఎంత చలి వేసినా నిప్పులను టెంట్‌లోకి గాని, మూసిన గదిలోకి గాని తీసుకువెళ్లకండి.

చలిమంట ఆరిపోయే వేళకు మిగిలిన బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా, హాయిగా కనిపిస్తాయి. వాటిని ఒక ఇనుప తట్టలోకి ఎత్తి, టెంట్ మూలన పెట్టుకుని, జిప్పు వేసుకుని పడుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదన్న నమ్మకమే ప్రాణం తీస్తుంది. చాలినంత గాలి అందక కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. ఆ తరువాత మగత కమ్ముతుంది. నిద్రలో ఉన్న మనిషికి ఈ హెచ్చరికలేవీ అందవు. బొగ్గుల కుంపటికే కాదు, టెంట్ లోపల వెలిగించే గ్యాస్ స్టవ్‌కు, గ్యాస్ హీటర్‌కు, తలుపులు బిగించిన కారులో ఇంజను నడుపుతూ పడుకోవడానికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. ఎవరైనా ఉదయం తీవ్రమైన తలనొప్పితో లేచినా, పిలిస్తే పలకకపోయినా, ముందు వారిని ఆరుబయటి గాలిలోకి తీసుకువచ్చి వెంటనే 108కు ఫోన్ చేయండి. ఆక్సిజన్ పెట్టడం ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

ఇక చలి వల్ల వచ్చే ఇబ్బంది. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే అది వైద్య అత్యవసర పరిస్థితి. మన ప్రాంతంలో అంత దాకా రావడం అరుదే అయినా, తడిసిన బట్టలు, గాలి, ఖాళీ కడుపు, అలసట కలిస్తే పిల్లలకు, వృద్ధులకు రావచ్చు. ఆగకుండా వణకడం, మాట తడబడడం, చేతివేళ్లు సరిగా పనిచేయకపోవడం, అయోమయం దీని గుర్తులు. వణుకు ఆగిపోయి మగతగా ఉంటే తగ్గిందని భ్రమపడకండి, పరిస్థితి విషమించిందని అర్థం. తడి బట్టలు తీసేసి, పొడి బట్టలు వేసి, తలతో సహా కప్పి, మెలకువగా ఉంటే తియ్యటి వేడి పాలో టీయో కొద్దికొద్దిగా తాగించండి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దకండి. చలికి మద్యం మంచిదన్న మాట పూర్తిగా తప్పు. అది చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి కాసేపు వెచ్చగా అనిపించేలా చేస్తుంది గానీ, లోపలి వేడిని బయటకు పంపేస్తుంది.

పాముల గురించి అడిగారు. చలికాలంలో వాటి సంచారం తక్కువే, అయినా చీకట్లో టార్చి లేకుండా నడవకండి, ఉదయం బూట్లు దులిపి వేసుకోండి, టెంట్ జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాటు పడిన అవయవాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే చికిత్స.

చాలామంది మరిచిపోయేది తిరిగి వచ్చిన తరువాతి జ్వరం. ఏజెన్సీలో మలేరియా ఉంది. గడ్డి, పొదల మీద ఉండే సూక్ష్మమైన పురుగుల కాటు వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కాటు పడిన చోట నల్లటి పొక్కు కనిపించవచ్చు, అది నడుము దగ్గరో చంకలోనో దాగి ఉండవచ్చు. ఇంటికి వచ్చిన మూడు, నాలుగు వారాల లోపు ఎవరికి జ్వరం వచ్చినా, వైద్యునికి మొదటి వాక్యంలోనే ఏజెన్సీకి వెళ్లి ఆరుబయట పడుకున్నామని చెప్పండి. రెండు జబ్బులకూ మందులున్నాయి, గుర్తించడంలో ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా చాప పరచుకోవడం, నిండు చేతుల బట్టలు, దోమల మందు చాలావరకు కాపాడతాయి.

కొత్త బాటసారి (రాజమహేంద్రవరం)

డాక్టరు గారూ, చాలా కృతజ్ఞతలు. నిజం చెప్పాలంటే మా సామాను జాబితాలో బొగ్గుల కుంపటి ఉంది. ఇప్పుడే కొట్టివేశాము. మరి టెంట్ బయట చలిమంట వేసుకోవడంలో తప్పేమీ లేదు కదా? అక్కడ ఎండుపుల్లలు ఏరుకోవచ్చా?

విశ్రాంత అటవీ ఉద్యోగి

అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు మీరు నిలబడిన నేల ఎవరిదన్న దానిని బట్టి ఉంటుంది.

ఆ ప్రాంతంలో రోడ్డుకు అటూ ఇటూ కనిపించే అడవిలో చాలా భాగం రిజర్వు ఫారెస్టు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోని 20వ సెక్షను ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం, కలప తీసుకువెళ్లడం నేరం. అభయారణ్యాలలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. దాని 30వ సెక్షను అభయారణ్యానికి ముప్పు కలిగేలా మంట వేయడాన్ని, వేసిన మంటను వదిలి వెళ్లడాన్ని నిషేధిస్తుంది. అందువల్ల అడవిలో మీకు నచ్చిన చోట టెంట్ వేసి, మంట వేసుకోవడం అనే ఆలోచననే వదిలిపెట్టండి. అటవీ శాఖ గాని, పర్యాటక శాఖ గాని ఏర్పాటు చేసిన స్థలంలోనో, రైతు తన సొంత స్థలంలో ఒప్పుకుంటేనో మాత్రమే బస చేయాలి.

ఎండుపుల్లలు ఏరుకోవచ్చా అన్నారు. మీరు ఐదారుగురు ఒక రాత్రి ఏరితే ఏమవుతుందని అనిపించవచ్చు. కానీ వారాంతంలో వచ్చే ప్రతి బృందమూ అలాగే ఏరితే, కట్టెల మోపు కోసం అక్కడి ఆడవాళ్లు మరింత దూరం నడవాలి. నేలమీద కుళ్లే కొమ్మలోనే చెదలు, పుట్టగొడుగులు, చిన్న జీవులు బతుకుతాయి. అది కుళ్లితేనే ఆ నేలకు సారం వస్తుంది. కట్టెలు కావాలంటే స్థలం ఇచ్చిన రైతు దగ్గరే డబ్బిచ్చి తీసుకోండి. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చుకుని, టెంట్ బయట వాడుకోండి.

మంట వేసుకునే అవకాశం ఉన్న చోట కూడా అంతకు ముందు ఎవరో వేసిన పాత పొయ్యి మచ్చ మీదనే వేయండి. కొత్తగా నేలను కాల్చకండి. చుట్టూ రెండు మూడు మీటర్ల మేర ఎండాకులు ఊడ్చండి, టెంట్‌కు దూరంగా, గాలి వాలు చూసుకుని వేయండి. టెంట్ బట్ట నైలాను, పాలిస్టరు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆర్పడం అంటే మట్టి కప్పడం కాదు. మట్టి కింద నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. నీళ్లు పోయాలి, కర్రతో కలియబెట్టాలి, మళ్లీ నీళ్లు పోయాలి. బూడిద మీద అరచేయి ఆనించినప్పుడు వేడి తగలకపోతేనే ఆరినట్టు. ఆ పని అయ్యేదాకా ఒక్కరైనా పడుకోకూడదు.

డిసెంబరులో ఉదయపు మంచు వల్ల ప్రమాదం కొంత తక్కువే. ఇదే ప్రయాణం ఫిబ్రవరి నుంచి మే దాకా పెట్టుకుంటే నేను మంటే వద్దంటాను. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగని కొండల్లో నడకకు వెళ్లినవారిని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డి నిండిన వాలు మీద మంట పైకి పాకే వేగాన్ని మనిషి పరుగుతో అందుకోలేడు. వేసవిలో కొండ మీద పొగ కనిపిస్తే పైకి ఎక్కకుండా, గడ్డి లేని రాతి నేల వైపో, అప్పటికే కాలిపోయిన నేల వైపో, గెడ్డ వైపో వెళ్లాలి.

ఇంకొకటి. కొండ చరియల కింద, పెద్ద చెట్ల కొమ్మలకు పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి. పొగ తగిలినా, రాయి విసిరినా అవి గుంపుగా దాడి చేస్తాయి. టెంట్ వేసే ముందు తల ఎత్తి ఒకసారి చుట్టూ చూడండి. ఎండు కొమ్మలు వేలాడే చెట్టు కింద కూడా వేయకండి.

కాఫీతోట (చింతపల్లి మండలం)

నేను ఈ ప్రాంతం వాడిని. మాకు ఎకరంన్నర కాఫీ, మిరియాలు ఉన్నాయి. చలికాలం వస్తే మా ఊరి రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. వచ్చేవాళ్ల మీద మాకు కోపం లేదు. వారి వల్ల మా వాళ్లు బొంగు చికెన్, టీ, స్ట్రాబెర్రీలు అమ్ముకుంటున్నారు. కానీ కొన్ని విషయాలు ఇక్కడ రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మొదటిది నీళ్లు. మా ఊళ్లలో చాలావాటికి తాగునీరు కొండ మీది ఊట నుంచి వస్తుంది. ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, అక్కడి నుంచి పైపు వేసి, పల్లానికి నీళ్లు దింపుకుంటాము. మోటారు లేదు, కరెంటు లేదు, శుద్ధి చేసే యంత్రం లేదు. పర్యాటకులకు అది కొండ మీద ఎవరూ లేని చోట కనిపించే అందమైన నీటి ధార. దాని పక్కన టెంట్ వేస్తారు, గిన్నెలు సబ్బుతో కడుగుతారు, అక్కడికి నాలుగడుగుల దూరంలో బహిర్భూమికి వెళతారు. మరుసటి రోజు ఆ నీళ్లే కింద బిందెల్లో పడతాయి. ఒకసారి మా పిన్ని నీళ్లు పడుతుంటే పైపులోంచి షాంపూ నురగ వచ్చింది. ఆ రోజు ఊరంతా దూరంగా ఉన్న బోరింగు దగ్గరికి నడిచింది. కొండ మీద పైపు కనిపించినా, రాళ్లు పేర్చిన చిన్న తొట్టి కనిపించినా, దానికి పైన ఏ పనీ చేయవద్దని ప్రార్థన. గిన్నెలు కడగాలంటే నీళ్లు బకెట్‌తో దూరంగా తీసుకువెళ్లి, మట్టి నేల మీద కడిగి, ఆ నీళ్లను నేల మీదే చల్లండి. సబ్బు లేకుండా బూడిదతో కూడా గిన్నెలు శుభ్రపడతాయి.

రెండోది పంటలు. నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు వైపు వలిసె పూలు కొండ వాలు మీద పసుపు పచ్చగా పూస్తాయి. అది నూనె గింజల పంట. ఫొటోల కోసం చేను మధ్యకు నడిస్తే తొక్కిన మొక్క మళ్లీ లేవదు. కొందరు రైతులు ఇంత అని రుసుము తీసుకుని ఒక దారి వదులుతున్నారు. ఆ రుసుము ఇచ్చి, ఆ దారిలోనే నడవండి. డిసెంబరులో కాఫీ పండ్లు కోతకు వస్తాయి. ఎర్రగా ఉన్నాయని గుప్పెళ్లతో కోసి ఫొటో తీసుకుని పారవేయడం చూశాను. ఆ గుప్పెడు కూడా ఒక కూలి మనిషి పనే.

మూడోది గాజు సీసాలు. తాగి రాయికేసి కొట్టిన సీసా పెంకులు గడ్డిలో కనిపించవు. మా పశువుల కాపర్లు, పిల్లలు చెప్పులు లేకుండా నడుస్తారు. ఆవు గిట్టల మధ్య పెంకు దిగితే ఆ ఆవు వారాల తరబడి కుంటుతుంది. గాజు సీసాలు అసలు కొండ మీదికి తేవద్దు.

నాలుగోది స్థలం. మాది షెడ్యూల్డు ప్రాంతం. 1/70గా పిలిచే భూ బదలాయింపు నిబంధన ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు, కౌలుకు కూడా తీసుకోకూడదు. అయినా మైదాన ప్రాంతం నుంచి వచ్చినవారు మావాళ్లకు కొంత సొమ్ము ముట్టజెప్పి, ఆ నేల మీద పదుల సంఖ్యలో టెంట్లు వేసి, ఒక్కో దానికి వేలల్లో వసూలు చేస్తున్న చోట్లు ఉన్నాయి. టెంట్ బుక్ చేసుకునే ముందు స్థలం ఎవరిదని అడగండి. గిరిజన కుటుంబం తానే నడుపుతున్న చోట ఉంటే మీ డబ్బు ఆ ఇంటికే చేరుతుంది. వంట వాళ్లే చేసి పెడతారు, మరుగుదొడ్డి ఉంటుంది, అర్ధరాత్రి పాపకు ఒంట్లో బాగాలేకపోతే తలుపు తట్టడానికి ఒక ఇల్లు ఉంటుంది.

మా ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫొటోలు తీయవద్దు. రాత్రి తొమ్మిది దాటాక స్పీకర్లు ఆపండి. మేము తెల్లవారకముందే పనికి లేస్తాము.

డెన్వర్ తెలుగు

కాఫీతోట గారి మాటలు చదివి, ఇక్కడ మేము నేర్చుకున్న ఒకటి రెండు పద్ధతులు పంచుకోవాలనిపించింది. అమెరికాలో ఆరుబయట విహారానికి వెళ్లేవారికి జాడ మిగల్చకుండా వెళ్లడం గురించి ఏడు సూత్రాలు బోధిస్తారు. వాటిలో కొలతతో చెప్పేది నీటి దూరం. టెంట్ గాని, బహిర్భూమి గాని, గిన్నెలు కడగడం గాని నీటి వనరుకు 200 అడుగులు, అంటే సుమారు 60 మీటర్ల దూరంలో ఉండాలి. పెద్దవాళ్ల నడకలో అది 70 నుంచి 80 అంగలు పడుతుంది. మరుగుదొడ్డి లేని చోట చిన్న తాపీతో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వి, పని అయ్యాక అదే మట్టితో కప్పాలి. ఆ లోతులో నేలలోని సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మలం త్వరగా మట్టిలో కలుస్తుంది. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పూడ్చకూడదు. జిప్ సంచిలో వేసి వెంట తెచ్చుకోవాలి. నారింజ తొక్క, గుడ్డు పెంకు లాంటివి కూడా కొండ మీద నెలల పాటు అలాగే పడి ఉంటాయి, పైగా జంతువులను మనుషుల బసకు అలవాటు చేస్తాయి. తాపీ ఒకటి కొనుక్కుంటే మీ సమస్య తీరుతుంది.

కాఫీతోట (చింతపల్లి మండలం)

డెన్వర్ గారూ, మీరు చెప్పిన దూరం లెక్క చాలా ఉపయోగకరం, మా యువజన సంఘంలో కూడా చెబుతాను. అయితే గుంట పద్ధతి మనుషులు తక్కువగా వచ్చే పెద్ద అడవికి సరిపోతుంది. మేఘాల కొండ లాంటి చోట ఒక్క ఆదివారం తెల్లవారేలోగా పెద్ద గుంపు ఒకే దారిలో ఎక్కుతుంది. దారికి అటూ ఇటూ నడవగలిగిన నేల కొంచెమే. అందరూ అక్కడే గుంటలు తవ్వితే ఆ కొండ ఏమవుతుంది? వాన పడితే అంతా కిందికే వస్తుంది. అలాంటి చోట కిందనే మరుగుదొడ్డికి వెళ్లి ఎక్కడం ఒక్కటే మర్యాద.

డెన్వర్ తెలుగు

మీరన్నది నిజం, నేను కొండ రద్దీని ఆలోచించలేదు. ఇక్కడ కూడా అంతే. కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ కొండ ఎక్కేవారు తమ మలాన్ని ప్రత్యేక సంచులలో కట్టి కిందికి మోసుకురావాలన్నది నియమం. రద్దీ ఎక్కువ, మట్టి తక్కువ కావడమే కారణం. కాబట్టి వంజంగికి మీ మాటే ఖాయం చేసుకోమని బాటసారి గారికి నా సలహా.

మూసీ ఒడ్డు (హైదరాబాద్)

నీటి సంగతి వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ వార్త వచ్చిన వారమంతా మా వీధిలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. వారు దిగినప్పుడు నది అడుగంటి, నిదానంగా ఉంది. ఏ నదిలోనైనా ఎగువన ఆనకట్ట ఉంటే, వాన పడకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, నీరు పెరగవచ్చు. సీలేరు నది మీద కూడా జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. ఆ వైపు వెళ్లేవారు ఇసుక మేటల మీద, నది మధ్య రాళ్ల మీద బస చేయకూడదు. నీరు బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నా, హోరు పెరిగినా, చెప్పులు వెతుక్కోకుండా మెరక మీదికి వెళ్లిపోవాలి.

డిసెంబరు అయినా బంగాళాఖాతంలో తుపానులు వచ్చే కాలమే. బయలుదేరే ముందు రెండు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. అల్పపీడనం ఉందంటే వారం వాయిదా వేసుకోవడంలో నష్టం లేదు.

కొత్త బాటసారి (రాజమహేంద్రవరం)

అందరి సమాధానాలూ మా రెండు ఇళ్లలో పెద్దగా చదివి వినిపించాను. మా నిర్ణయం ఇదీ. కొండ మీద బస మానుకున్నాము. చింతపల్లి వైపు ఒక గిరిజన కుటుంబం నడిపే చోట వాళ్ల పెరట్లోనే టెంట్లు వేసుకుంటాము, భోజనం వాళ్ల దగ్గరే. వంజంగికి మరుసటి రోజు రాత్రివేళ కాకుండా, తెల్లవారాక, ఘాట్ మీద మంచు కొంత తేలికపడ్డాక వెళతాము. మేఘాలు అప్పటికి విడిపోతే విడిపోనీ. కుంపటి, సీసాలు, స్పీకరు జాబితాలో లేవు. ఫోమ్ మ్యాట్లు కొన్నాము, మేడ మీద టెంట్ వేసి చూశాము. పాప అందులోనే హోంవర్కు చేసింది.

రెండు సందేహాలు మిగిలాయి. తాగునీరు ఇక్కడి నుంచే మోసుకురావాలా, అక్కడి ఊట నీరు తాగవచ్చా? ఫోన్ సిగ్నల్ లేకపోతే అత్యవసరంలో ఎలా?

తూర్పుకనుమల నడక (విశాఖపట్నం)

ప్లాస్టిక్ సీసాల పెట్టెలు తేవడం కన్నా ఒక ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకుని, తిరిగి ఇంటికి తీసుకువెళ్లండి. ఊట నీరు ఎంత తేటగా ఉన్నా కాచి తాగండి. నీరు తెర్లడం మొదలైన తరువాత ఒక నిమిషం మరగనిస్తే ఆ ఎత్తులో సరిపోతుంది. క్లోరిన్ బిళ్లలు వాడితే ముందు నూలు బట్టతో వడకట్టి, బిళ్ల వేసి అరగంట ఆగాలి. నీళ్లు చల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగడం మంచిది. పడుకునే ముందు మరిగించిన నీళ్లను స్టీలు సీసాలో పోసి, మూత బిగించి, మేజోడు తొడిగి పాప కాళ్ల దగ్గర పెట్టండి. రాత్రి వెచ్చదనం, ఉదయం తాగునీరు రెండూ అందులోనే ఉంటాయి.

సిగ్నల్ విషయంలో, మీరు ఎక్కడ ఉంటున్నారో, ఏ దారిలో వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి ఫోన్ చేస్తారో రాజమహేంద్రవరంలో ఒకరికి రాసి ఇవ్వండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా మీ నుంచి కబురు రాకపోతే వారు ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే రాయండి. మీ నెట్‌వర్కు లేని చోట కూడా వేరే కంపెనీ టవరు అందుబాటులో ఉంటే 112కు కాల్ వెళ్లే అవకాశం ఉంటుంది, ప్రయత్నించండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి దానిని దుప్పటి లోపలే ఉంచుకోండి.

కాఫీతోట (చింతపల్లి మండలం)

బాటసారి గారూ, మీరు ఉండబోయే ఇంటివాళ్లను చేరగానే రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎటు ఉంది, ఊరిలో ఏ గుట్ట మీద నిలబడితే సిగ్నల్ అందుతుంది. ఈ రెండూ పిల్లలతో సహా అందరికీ తెలిసే ఉంటాయి. చెత్త సంచిని మా ఊళ్లో వదలకండి, ఇక్కడ దానిని తీసుకువెళ్లే బండి రాదు. నర్సీపట్నం దాకా డిక్కీలో పెట్టుకుని, అక్కడ మున్సిపాలిటీ తొట్టిలో వేయండి. సంత రోజున వస్తే రాజ్‌మా, పసుపు, మిరియాలు రైతుల దగ్గరే కొనుక్కోవచ్చు. ఏ రోజు సంత అన్నది బయలుదేరే ముందు ఇంటివాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి.